కాగితానికి పడుగు ఎటు

నా చిన్నప్పుడు మా ఇంటి వెనకగదిలో గుంత మగ్గం, ముందుగదిలో కాలితో తొక్కే అచ్చు మిషను ఉండేవి. షోలాపూరులో కుంఠా నాకా వైపు, తెలంగాణ నుంచి వచ్చిన నేతగాళ్ళ ఇళ్ళు గోడకు గోడ ఆనుకొని ఉండే గల్లీ మాది. మగ్గం మా నాన్నది, మిషను మా తాతయ్యది. తాతయ్య కూడా సగం ఆయుష్షు మగ్గం మీదే పోగొట్టుకున్నవాడే. కుడి భుజం పడిపోయి నాడె విసరలేక, ఎవరో అమ్ముకుంటున్న పాత మిషను తెచ్చుకొని అచ్చు పని నేర్చుకున్నాడు. చీరల మీద అంటించే లేబుళ్ళు, పెళ్ళి పత్రికలు, దినాల కార్డులు, ఇవే ఆయన పనులు. గల్లీలో ఎవరింట్లో పెళ్ళయినా చావైనా కబురు మా ముందుగదిలోంచే బయటికి వెళ్ళేది.

నాకు అక్షరాల కంటే కాగితాలంటే పిచ్చి. బడి నుంచి రాగానే చేతులు కడుక్కొని కట్టల దగ్గర కూర్చునేదాన్ని. చేతులు కడుక్కోకపోతే తాతయ్య ఊరుకునేవాడు కాదు లెండి. లేబుళ్ళకు ఒకవైపు మాత్రమే నిగనిగలాడే రంగు కాగితం, దినాల కార్డులకు పల్చటి బాదామీ కాగితం, పెళ్ళి పత్రికలకు అట్ట. పెద్ద తావు పేరు డెమీ, దానికంటే చిన్నది క్రౌను. ఏ తావులో ఎన్ని కార్డులు ముక్క వృథా కాకుండా వస్తాయో తాతయ్య మడిచి చూపించేవాడు. ఇక మందం సంగతి: ఒక రీము ఎన్ని పౌండ్లు తూగితే ఆ కాగితం అంత మందం. ఇది మా నాన్న తలకు ఎక్కేది కాదు. నూలులో నంబరు పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది కదా! అరవై పౌండ్ల కాగితం అనగానే ఆయన అరవై నంబరు నూలును తలచుకొని, అంత పల్చటిది పత్రికకు పనికొస్తుందా అని అడిగేవాడు. తాతయ్య పడీపడీ నవ్వేవాడు. ఆ నవ్వే కొన్నాళ్ళకు ఆయన మీదికి తిరిగింది.

యుద్ధం రోజులు వచ్చాయి. నూలుకు కరువు, కిరసనాయిలుకు కరువు, కాగితానికి మరీ కరువు. బజారులో నాసిరకం బాదామీ దొరికితే గొప్ప. అలాంటప్పుడు కూడా మా అటక మీద, గుడ్డలో చుట్టిన అట్ట కట్ట ఒకటి ఉండేది. వెన్నముద్ద రంగు, వేలితో మీటితే కంగుమనేది. దాన్ని ముట్టుకోవడానికి నాకు కూడా అనుమతి లేదు. అది పక్కింటి పెద్దమ్మ కొడుకు పెళ్ళి పత్రికల కోసం దాచింది.

పెద్దమ్మ మాకు చుట్టమేమీ కాదు, కానీ చుట్టం కంటే ఎక్కువ. భర్త పోయాక మా ఇంటికీ నాలుగిళ్ళకూ కండెలు చుట్టి ఒక్కగానొక్క కొడుకును పెంచింది. మేము ఆయన్ను అన్నా అని పిలిచేవాళ్ళం. మిల్లులో పని దొరికింది, వాళ్ళ జిల్లా పిల్లతోనే సంబంధం కుదిరింది. పత్రిక మీద ఏ బొమ్మ వేయాలో అన్న రోజుకో మాట మార్చేవాడు. తాతయ్య విసుక్కుంటూనే అచ్చుబొమ్మలన్నీ ముందు పోసి చూపించేవాడు. ఇంకా బొమ్మ ఖాయం కాకముందే అన్నకు జ్వరం వచ్చింది. మిల్లు మనుషులు చాలామంది అదే జ్వరంతో పడ్డారు, కొందరు లేచారు. అన్న లేవలేదు.

ఎండకు ఎండిన కట్టెలాగా కూర్చుంది పెద్దమ్మ. ఏడవలేదు. ఏడవమని ఆడవాళ్ళు వీపు నిమిరినా ఏడవలేదు. శవం లేచిన మర్నాడు మా ముందుగదిలోకి వచ్చి మిషను పక్కన నేల మీద కూర్చుంది. తాతయ్య అప్పటికే బాదామీ కాగితం కోసి పెట్టుకున్నాడు. దాన్ని చేత్తో పక్కకు నెట్టేసింది.

ఎందుకు నెట్టిందో చెప్పాలంటే మా వాళ్ళ ఆచారం చెప్పాలి. దినాల కార్డును ఇంట్లోకి తీసుకుపోరు. గడప బయటే నిలబడి చదివించుకొని, అక్కడికక్కడే చింపి పారేసి, కాళ్ళు కడుక్కొని లోపలికి వెళతారు. గడప ముందు ఏముంటుంది? మోరీ, అంటే మురికి కాలువ ఉంటుంది. పెద్దమ్మ భర్త పోయినప్పుడు ఆయన పేరు సగం సగంగా చిరిగి మోరీ నీళ్ళలో నానడం ఆమె చూసింది. గల్లీ అంతా, ఏ ఇంటి ముందు చూసినా అదే.

"మామా, ఆయన పేరు మోరీల పడ్డది నా కండ్లతోని చూసిన. పోరని పేరు గూడ గట్ల పడొద్దు. పెండ్లికని దాచిన అట్ట ఉన్నది గదా, దాని మీదనే కొట్టు. బస్, ఇంకేం అడుగ."

"గది శింపితె శినగదు బిడ్డా."

"శినగకుంటె మంచిదేనాయె."

తాతయ్య భయం వేరే ఉంది. అట్ట చినగకపోతే జనం ఊరుకుంటారా? అశుభం ఇంట్లో పెట్టుకోరు. గుంజి, మెలితిప్పి, నలిపి అదే మోరీలో వేస్తారు. అప్పుడు ఆ పేరు ఇంకా హీనమైపోతుంది. ఆ మాట కన్నతల్లి ముఖం మీద ఎలా చెబుతాడు? చెప్పలేక ఒక ఉపాయం ఆలోచించాడు. పెళ్ళి పత్రికలాగే కార్డును నడిమికి మడిచి, ఒక మడతలో అన్న పేరు ఒక్కటే అచ్చు వేయాలి. రెండో మడతలో చావు కబురు, దినాల తేదీ. మడత వెంబడి చింపితే ఆచారం తీరుతుంది, పేరు నిండుగా మిగులుతుంది. పెద్దమ్మ వినీ విననట్టు తల ఊపింది.

అటక మీది కట్ట దిగింది. తాతయ్య అట్టను కోసి, సీసం అక్షరాలు పేర్చి, మొదటి కార్డు తొక్కాడు. సిరా ఆరాక మడిచాడు. మడత నున్నగా పడలేదు, వీపు మీద చిట్లింది. ఆయన ముఖం అప్పుడే మారింది, నేను చూశాను. కానీ పెద్దమ్మ చెయ్యి చాపి కార్డు తీసుకుంది. మొదటిది తానే చింపి చూస్తానంది. చింపింది. ఆ చిరుగు మడత వెంట పోలేదు. పక్కకు తిరిగి, పొరలు లేపుకుంటూ పోయి, అన్న పేరు మధ్యలోంచి వెళ్ళింది.

అయ్యో, ఆ క్షణం ఎవరికీ రాకూడదు. పెద్దమ్మ రెండు ముక్కలూ పట్టుకొని అలాగే చూస్తూ ఉంది. లోపల నాన్న మగ్గం ఆపేశాడు. తాతయ్య తల పట్టుకొని కూర్చున్నాడు.

"బట్ట లెక్క అనుకున్న బిడ్డా. నిలువుకే పడుగుంటదనుకున్న. నాదే తప్పు."

పుట్టిన దగ్గర నుంచి నేత నేసిన చెయ్యి ఆయనది. ఏ బట్టకైనా పడుగు నిలువునా ఉంటుంది, పేక అడ్డంగా పడుతుంది. అందులో అనుమానం ఏముంది? కాగితానికీ పడుగు లాంటిది ఒకటి ఉంటుందని ఆయనకు తెలుసు. కాగితం మిల్లులో గుజ్జు పారిన దిక్కుకే పీచు పడుకుంటుంది, ఆ దిక్కుకు మడిస్తే నున్నగా మడత పడుతుంది, చింపితే తిన్నగా చినుగుతుంది. కానీ తావును నిలువుగా కోశారో అడ్డంగా కోశారో కోసినవాడికే ఎరుక. బాదామీ లాంటి పల్చటి కాగితం ఎటు మడిచినా ఒప్పుకునేది, అదివరకటి పత్రికల అట్టలు నిలువుకే కోసినవి వచ్చేవి కాబట్టి ఇన్నేళ్ళూ ఆ తేడా ఆయన మీద పడలేదు. ఈ అట్ట దగ్గర పడింది, అదీ ఆ తల్లి చేతిలో.

తర్వాత ఆయన చేసిన పని ఇప్పటికీ నా కళ్ళ ముందే ఉంది. మిగిలిన అట్టలోంచి చిన్న ముక్క కోసి, ఒకవైపు మాత్రం తడి చేతితో రాసి నేల మీద పెట్టాడు. నలుగురం దాని చుట్టూ చేరి చూశాం. అది మెల్లగా ఒళ్ళు విరుచుకొని గొట్టంలాగా చుట్టుకుంది. ఆ గొట్టం పొడవు ఎటు ఉందో అటే దాని పడుగు. అది మేము అనుకున్న దిక్కుకు సరిగ్గా అడ్డంగా ఉంది. తాతయ్య అక్షరాలన్నీ విప్పి మళ్ళీ పేర్చాడు. ఈసారి కార్డు సన్నగా, పొడుగ్గా వచ్చింది, చూడడానికి అంత బాగా లేదు. మడత మాత్రం చెప్పినట్టు వింది. పెద్దమ్మ మళ్ళీ చెయ్యి చాపింది. వద్దని నాన్న అడ్డం వచ్చాడు. ఆమె వినలేదు. చర్రున ఒకే గీతగా చిరిగింది. పేరున్న ముక్కను తాతయ్య చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

కార్డులు తాతయ్యే స్వయంగా ఇల్లిల్లూ తిరిగి పంచాడు. అన్న దినాలు అయిపోయాయి. ఆ మర్నాడు పొద్దున పెద్దమ్మ బయలుదేరింది. గల్లీ ఈ చివర నుంచి ఆ చివరకు, తల వంచుకొని ప్రతి ఇంటి మోరీలోకీ చూసుకుంటూ పోయింది. చావు కబురు ముక్కలు అక్కడక్కడా తడిసి పడి ఉన్నాయి, తిన్నగా చిరిగినవి. పేరు ఎక్కడా లేదు. తిరిగి తిరిగి మా గడప ముందుకు వచ్చేసరికి ఆమె ముఖంలో నెత్తురు చుక్క లేదు. పొయ్యిలో పెట్టారో, గాలికి పోయాయో, కుక్కలు ఈడ్చుకుపోయాయో అని భయం.

"ఒక్కటి గూడ కనవడలే మామా," అంది.

"కిందికేం సూస్తవు బిడ్డా? మీదికి సూడు."

మా తలుపు పైన, గోడకూ పత్రా రేకుకూ మధ్య సందులో, వెన్నముద్ద రంగు అంచు కనిపిస్తోంది. ఆమె తానే చింపి ఇచ్చిన పేరు ముక్క. ఇంట్లోకి తీసుకుపోకూడదు, మోరీలో వేయడానికి మనసొప్పదు. చూరు ఇంటి లోపలా కాదు, బయటా కాదు. పేరు ముక్కను ఏం చేయాలని అడిగిన ప్రతి ఇంటివాళ్ళకూ తాతయ్య మా తలుపు చూపించాడట. పెద్దమ్మ తల ఎత్తి ఎదురింటి చూరు చూసింది, దాని పక్కది చూసింది. కొన్ని ఇళ్ళకు లేవు. చాలా ఇళ్ళకు ఉన్నాయి. అప్పుడు ఏడ్చింది. మా గడప మీద కూలబడి, గల్లీ అంతా బయటికి వచ్చేలా ఏడ్చింది. ఎవరూ ఊరుకోబెట్టలేదు, ఏడవనిచ్చారు.

అట్ట కదా, మొదటి వానలకు ఓర్చుకుంది. ఆ తర్వాతి వానలకు పొరలు విచ్చుకొని, సిరా కారిపోయి, ఒక్కొక్కటే రాలిపోయాయి. పెద్దమ్మ అప్పటికే తమ ఊరికి తిరిగి వెళ్ళిపోయింది. ఆ పెళ్ళికూతురికి ఇంకెక్కడో పెళ్ళి అయిందని విన్నాం. ఆ పత్రిక మాకు రాలేదు.

నాకు ఇప్పుడు కళ్ళు సరిగా ఆనవు, కానీ వేళ్ళకు మరుపు రాలేదు. ఏ కాగితం చేతికొచ్చినా మడిచే ముందు ఇటు ఒకసారి, అటు ఒకసారి వంచి చూస్తాను. ఎటు ఒప్పుకుంటే అటే మడుస్తాను. మనవరాలి పెళ్ళి పత్రిక ఎంచుకునే రోజు దుకాణంలో అలాగే చేస్తుంటే పిల్లలు నవ్వారు. నవ్వనీ. వాళ్ళు రంగు చూస్తారు, మెరుపు చూస్తారు. పుచ్చుకున్నవాళ్ళు చివరికి దాన్ని ఏం చేస్తారోనని నేను చూస్తాను.

ఇంతసేపూ ఆ అన్న పేరు రాయలేదని మీరు గమనించే ఉంటారు. మరచిపోయి కాదు. ఇది ఏ కాగితం మీద అచ్చవుతుందో, దాని పడుగు ఎటు ఉంటుందో, చదివాక మీరు దాన్ని ఎటు చింపుతారో నాకు తెలియదు.