తిట్టే మనిషి కావాలి

పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో పదకొండేళ్లు పనిచేశాను. మొదట పిక్కలు కొట్టేదాన్ని, తర్వాత పప్పు మీద పొర ఒలిచేదాన్ని. పిక్కలోంచి కారే జిడ్డు చర్మాన్ని కాల్చేస్తుంది. నా వేలిముద్ర రేషన్ షాపు మెషీన్‌లో పడేది కాదు. వెనక నిలబడ్డవాళ్లు విసుక్కుంటుంటే వేలు చీరకు తుడిచి మళ్లీ మళ్లీ పెట్టేదాన్ని.

ఒకరోజు సూపర్‌వైజరు, నాకంటే పదేళ్లు చిన్నవాడు, నా ట్రే అందరి ముందూ తిరగేశాడు. "ఇన్ని బద్దలేటి? కల్లు కనపడ్డం లేదేటి నీకు?" అన్నాడు. నేను తలొంచుకుని పప్పు ఏరుకున్నాను. ఆ సాయంత్రమే అనుకున్నాను, ఆటో తోలతానని.

మా అన్న కొత్త ఆటో తీసుకుంటున్నాడు. "పాతది నీకిచ్చీస్తాను. లైసెన్సు తెచ్చుకో ముందు" అన్నాడు. గోడ మీది క్యాలెండరులో మూడు గీతలు గీశాను. ఈ నెలాఖరుకి ఎల్ఎల్ఆర్. దసరాకి రివర్సు. దీపావళికి లైసెన్సు. మా ఆయనతో, "ఆదివారం ఆదివారం నన్ను అడుగు, ఎంతవరకూ వచ్చిందని" అని చెప్పాను.

ఎల్ఎల్ఆర్ వచ్చింది. ఆ తర్వాత మొదటి ఆదివారం నేను బండి ముట్టుకోలేదు. "పోన్లే, ఒల్లు నొప్పులన్నావు కదా" అన్నాడాయన. రెండో ఆదివారం చుట్టాలొచ్చారు. మూడోది వాన. ప్రతిసారీ ఆయన "వచ్చే వారం సూసుకుందూలే" అనేవాడు, టీ పెట్టి ఇచ్చేవాడు. సిగ్గేసి, నేర్చుకోని రోజులకు కూడా క్యాలెండరులో టిక్కులు పెట్టడం మొదలుపెట్టాను. ఆయన చూసి మురిసిపోయాడు. దాంతో నాకు మండిపోయింది.

"నన్ను తిట్టవేటి నువ్వు?" అని అరిచాను.

"ఎందుకు తిట్టాల?" అన్నాడు, ఏమీ తెలియక.

ఆయన తప్పేమీ లేదు. అబద్ధం నాది. అయినా ఆ మంచితనం మీద ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. నన్ను ఎవరూ మెచ్చుకోనక్కర్లేదు. నన్ను నమ్మని మనిషి ఒకరు కావాలి.

అలాంటి మనిషి మా వాకిట్లోనే ఉంది. మా అత్త. ఒకే వాకిలి, నాలుగేళ్లుగా వేరు పొయ్యిలు. ఆవిడ కొబ్బరి ఈనెలు గీస్తుంటే వెళ్లి ఎదురుగా నిలబడ్డాను.

"అత్తా, ఆటో నేర్సుకున్నానో లేదో రోజూ నన్ను అడగాల నువ్వు."

తలెత్తలేదు. "నువ్వు సెప్తే నానెందుకు నమ్మాల? సూపించు."

మర్నాడు తెల్లారగానే వచ్చి ఆటో వెనక సీట్లో కూర్చుంది. అన్న నా పక్కన. జీడితోట పక్కనున్న ఇసక దారిలో రివర్సు తీయబోయి కొబ్బరిచెట్టుకు గుద్దాను. వెనక లైటు పగిలింది.

"అంత సెట్టు! కల్లు కనపడ్డం లేదేటే నీకు?" అంది అత్త.

అదే మాట. ఇంజను ఆపేశాను. "దిగిపో!" అని అరిచాను.

"దిగను. నువ్వు సరిగ్గా తిప్పినదాకా దిగను."

పళ్లు కొరుకుతూ తీశాను. మళ్లీ తీశాను. ఎన్నిసార్లో గుర్తులేదు, చివరికి బండి చెట్టు పక్కనుంచి తిన్నగా వెనక్కి వెళ్లి ఆగింది. అత్త దిగి ఇంటికి నడిచింది. మర్నాడు నాకంటే ముందే వచ్చి కూర్చుంది.

టెక్కలిలో మొదటిసారి పరీక్ష పోయింది. మలుపులో కంగారుపడి బండి గీత దాటించేశాను. ఇంటికొచ్చి మా ఆయనకు చెప్పకుండా అత్తకు చెప్పాను.

"ఎందుకు పోయింది?"

"బండి గీత దాటించీసినాను."

"మల్లీ ఎప్పుడు?"

తేదీ చెప్పాను. ఈనెలు గీసుకోవడంలో పడింది. దీపావళి దాటిపోయింది, రెండోసారి పాసయ్యాను. ఆ వారమే ఫ్యాక్టరీ మానేశాను.

ఇప్పుడు మా ఉద్దానం ఊళ్ల నుంచి కాశీబుగ్గ బస్టాండుకు తోలుతున్నాను. కొందరు మగవాళ్లు ముందు సీట్లో నన్ను చూసి వెనకొచ్చే ఆటో కోసం ఆగుతారు. ఆగనీ. నా కోపం తగ్గలేదు. ఆ పదకొండేళ్ల మీద ఉంది, నేను దొంగగా పెట్టిన ఆ టిక్కుల మీద ఇంకా ఎక్కువ ఉంది. అత్తకూ నాకూ పొయ్యిలు ఇప్పటికీ వేరే.

పోయిన నెల ఫ్యాక్టరీలో నా పక్కన కూర్చునే ఆమె వచ్చింది. "నాకూ నేర్పుతావా అక్కా?" అంది.

"రేపు పొద్దున్న ఐదున్నరకి తోట దగ్గరకి రా."

"సూత్తాను అక్కా, కుదిరితే."

"కుదిరితే అయితే రాకు!" అన్నాను. ఆమె ముఖం మాడిపోయింది. తిరిగి చూడకుండా వెళ్లిపోయింది.

అయినా మర్నాడు ఐదున్నరకు తోట దగ్గర బండి ఆపుకుని కూర్చున్నాను. రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. మూడోరోజు వచ్చింది, ముఖం ముడుచుకుని, నా మీద పీకలదాకా కోపంతో. నేను పక్కకు జరిగి డ్రైవరు సీటు ఇచ్చాను.