పుల్లన్న మామ బేరమాడిన ఏడాది

లింగాల పుల్లన్నకు గొర్రెలున్నాయి, కాస్త చీనీతోట ఉంది. ఆయన కీర్తికి మాత్రం అవేవీ కారణం కావు. జమ్మలమడుగు నుంచి పులివెందుల దాకా ఎరిగినవాళ్ల ఇంట పెళ్లి కుదిరితే, ప్రొద్దుటూరులో బట్టలకూ బంగారానికీ ఆయన్ను వెంటబెట్టుకుని పోవాల్సిందే. బేరం తెగకపోతే తుండుగుడ్డ దులిపి భుజాన వేసుకుని గుమ్మం వైపు నడుస్తాడు. వెనక్కి తిరిగి చూడడు. ఆయన్ను గుమ్మం దాటనిచ్చిన అంగడివాడు ఇంతవరకూ లేడు.

అంతటి విద్వాంసుణ్ణి చెల్లెలు చిన్నసుబ్బమ్మ ఒకరోజు కూతురి కాలేజీకి పిలుచుకొచ్చింది. కూతురు నాగలత ప్రొద్దుటూరులోనే బీయస్సీ రెండో ఏడు ముగించింది. మామూలుగా అయితే డిగ్రీకి మూడేళ్లు, ఆపైన ఎమ్మెస్సీకి రెండేళ్లు. ఆ కాలేజీ కొత్తగా ఒక పద్ధతి పెట్టింది. మూడో ఏటే కొన్ని ఎమ్మెస్సీ పేపర్లు కూడా చదివేస్తే, రెండూ కలిపి నాలుగేళ్లలో అయిపోతాయి. నాగలతకు అది కావాలి. చేరడానికి ఆ రోజే ఆఖరు. తల్లి సంతకం పెట్టాలి, తల్లి సంతకానికి అన్న తల ఊగాలి.

గది బయట అకడమిక్ అడ్వైజర్ అని బోర్డు. లోపల కెమిస్ట్రీ చెప్పే ఆదినారాయణ సారు; ఎవరికి ఏ కోర్సు ఇవ్వాలో తేల్చేది ఆయనే.

"ఒక ఏడాది తగ్గుతుంది," అన్నాడు సారు సంతోషంగా.

"తగ్గించమని ఎవరడిగినారు సార్?" అన్నాడు పుల్లన్న.

"ఎవరూ అడగలేదండీ. కాలేజీయే తగ్గించింది."

పుల్లన్న చెల్లెలి వైపు తిరిగాడు. "ఇన్నావా సుబ్బమ్మా? మనం నోరు తెరవకముందే ఐదులో ఒకటి తీసేసినారు. సరుకులో ఏదో తేడా ఉంది."

"ఇది అంగడి కాదండీ."

"అంగడోళ్లంతా అదే మాటంటారు సార్."

పుల్లన్న లేచాడు. తుండుగుడ్డ దులిపాడు. గుమ్మం వైపు నడిచాడు. ఆదినారాయణ సారు గంట కొట్టి, తర్వాతి వాళ్లను రమ్మన్నాడు. జీవితంలో తొలిసారి గుమ్మం దాటేసిన పుల్లన్న, ఆపైన ఏం చేయాలో తెలియక వరండాలో నిలబడిపోయాడు. చిన్నసుబ్బమ్మ కూడా లేచింది. నాగలత లేవలేదు.

"సార్, ఈ కోర్సు నాకెందుకు ఇయ్యకూడదో చెప్పండి. కొంచెం గట్టిగా చెప్పండి."

సారు నికార్సయిన మనిషి. అడిగితే నిజం దాచలేడు. కోర్సు కరపత్రంలో అచ్చు కానిదంతా చెప్పాడు. "రెండేళ్ల చదువు ఏడాదిలో మోయాలమ్మా. దసరా సెలవులుండవు. ఒక్క పేపరు పోయినా మళ్లీ పాత దారే. నీ మార్కులు చూస్తే అంతంతమాత్రం. ఇవ్వాలా వద్దా అని నాకే అనుమానంగా ఉంది."

వరండాలో తుండుగుడ్డ కదిలింది. ఇవ్వడానికి వెనకాడేవాడి దగ్గరే అసలైన సరుకు ఉంటుందన్నది పుల్లన్న శాస్త్రంలో మొదటి సూత్రం. వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"అనుమానమేంది సార్? మా పాపకేం తక్కువ?"

"కష్టమండీ."

"మేం పడతాం లెండి. ఒక పేపరు పోతే పాత దారంటాండారే, అప్పుడు డిగ్రీ మునగదు కదా?"

"మునగదు. రూలే అది."

"మీ నోటితో అన్నారు. మళ్లీ మాట మార్చగూడదు."

ముందే ఉన్న రూలుకు ఆదినారాయణ సారు ఓడిపోయినవాడిలా తలూపాడు. పుల్లన్న గెలిచాడు. చిన్నసుబ్బమ్మ సంతకం పెట్టింది.

బస్టాండుకు పోయే ఆటోలో పుల్లన్న అడిగాడు. "నేను లేకుంటే ఇచ్చుండునా ఆయప్ప?"

"యాడిచ్చుండు మామా," అంది నాగలత, బయటికి చూస్తూ.

దసరాకు హాస్టల్ ఖాళీ అయింది. అక్కడే మిగిలిన నాగలత మామకు ఫోన్ చేసింది.

"శానా కష్టంగా ఉంది మామా. నిద్ర గూడా చాలడం లేదు."

"వదిలేస్తావా?"

"యాడ వదిలేది, సగం చదివినాక."

అవతల గొర్రెలు అరుస్తున్నాయి. వాటి మధ్య నుంచే పుల్లన్న తృప్తిగా అన్నాడు.

"చెప్పిన సరుకే ఇచ్చినారు పాపా. కాలేజీ మంచిదే."