గోయెల్‌కు అర్థం చెప్పిన మామ

మా మేనమామ పోయాడన్న కబురు చిక్కబళ్ళాపురం బస్సు కండక్టరు తెచ్చాడు. కైవారం దగ్గర మా ఊరి మలుపులో బస్సు ఆపించి, ఫుట్‌బోర్డు మీద నిలబడే, "మునిషి స్వామి తెల్లారి పోయినాడంటమ్మా" అన్నాడు. ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను. చింతపండులో గింజలు తీస్తున్న చెయ్యి ఆగలేదు. "నువ్వు పోయి రా" అనింది. ఆమెకు ఉన్నది ఒక్కడే తమ్ముడు.

పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. మంచి బోలెడంత ఉంది, చెబుతాను. కోపమూ ఉంది. అది దాచి రాస్తే ఆయనే నన్ను మెచ్చడు.

మునిషి అన్నది పేరు కాదు, పని. కొత్తగా వచ్చిన మిషన్ దొరలకు మామ తెలుగూ కన్నడమూ నేర్పేవాడు. విభూతి పెట్టుకునే వెళ్ళేవాడు, పెట్టుకునే వచ్చేవాడు. ఒక ముసలి దొర దగ్గర తాను హెబ్రూ నేర్చుకున్నాడు. దొర బైబిలు మాటలకు తెలుగు వెతుక్కుంటుంటే, ఆ మాటలు పట్టుకుని మామ సంతల్లో తిరిగేవాడు. గాజులమ్మేవాళ్ళను, బండివాళ్ళను ఆపి, "దీన్ని మీరేమంటారప్పా?" అని అడిగేవాడు. "మాటకూ ఒక ఊరుంటాది. దాని ఊరు తెలీకుండా దాన్ని పనిలో పెట్టగూడదు" అనేవాడు. ఈవేళ నేను బడిలో పిల్లలకు ఏ పదం చెప్పినా దాని ఊరూ చెబుతాను. ఆ అలవాటు ఆయన పెట్టిందే.

నేను చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఒక ఆదివారం వచ్చి, అమ్మ రాగిపిండి జల్లిస్తుంటే ఆ పిండిలో వేలితో మూడు అక్షరాలు రాశాడు, కుడినుంచి ఎడమకు.

"గోయెల్ అంటారక్కా దీన్ని. దొర విమోచకుడు అని రాస్తాండాడు. తప్పు కాదు. కానీ ఆ మాట వింటే మన రైతు ఆకాశం పక్క చూస్తాడు. నువ్వు చెప్పు. నీ భూమి పరాయోళ్ళ పాలవుతాంటే ఎవురు రావల్ల?"

"ఎవురొస్తారప్పా, తోడబుట్టినోళ్ళే రావల్ల" అంది అమ్మ.

మామ తొడ చరుచుకున్నాడు. "అదే గోయెల్! అదీ దాని ఊరు."

యూదుల పల్లెల్లో ఎవరైనా కష్టకాలంలో పొలం అమ్ముకుంటే దగ్గరి చుట్టం దాన్ని తిరిగి కొని ఇంటికి చేర్చాలట. మనిషే బానిసగా అమ్ముడుపోతే వాణ్ణీ విడిపించాలట. అలా చేసేవాడు గోయెల్. ఆదుకునే చుట్టమెవరూ లేని రోజుల్లో వాళ్ళు దేవుణ్ణి కూడా ఆ మాటతోనే పిలిచారని చెప్పాడు. దొర తన మాట మార్చలేదు. అమ్మ మాత్రం ఊరంతా చెప్పుకుంది, "మా తమ్ముడు నన్నడిగి పుస్తకానికి అర్థం రాస్తాండాడు" అని.

తర్వాత మా నాన్న పోయాడు. బావి కింద మడి అమ్మితే తప్ప గడవని స్థితి వచ్చింది. మాకు అన్నం పెట్టేది ఆ మడే. చింతామణి వ్యాపారి ఒకాయన అడుగుతున్నాడు. అమ్మ చిక్కబళ్ళాపురం వెళ్ళి తమ్ముణ్ణి అడిగింది. "నువ్వు తీసుకోప్పా. నీ పేరుతోనే ఉండనీ. మేం సేద్యం చేసి నీకు పంట ఇస్తాం. పరాయోళ్ళ చేతికి పోతే మళ్ళా రాదు."

"నేనుండాను కదక్కా" అన్నాడట. ఆ మాట మూటగట్టుకుని వచ్చి, ఆ రాత్రి అమ్మ కడుపునిండా తినింది.

రిజిస్టరు రోజు చింతామణి ఆఫీసుకు మామ వచ్చాడు. వచ్చింది కొనడానికి కాదు, వ్యాపారి వెంట. పిల్లలున్నారు, ఈ భారం పెట్టుకుంటే వాళ్ళకు మిగలదని ఆయన ఇంట్లో అన్నారట. అది మాకు తర్వాత తెలిసింది. ఆ మాట ముందే చెప్పి ఉంటే అమ్మ ఏడ్చి ఊరుకునేది. చెప్పలేదు.

గుమాస్తా తలెత్తి కన్నడంలో అడిగాడు, "ఇవరిగె నీవు ఏనాగబేకు?" వీళ్ళకు మీరేమవుతారు అని.

అమ్మ పక్కనే నిలబడి ఉంది. ఎన్ని భాషలొచ్చు ఆయనకు! అన్నిట్లోనూ తమ్ముడు అన్న మాట ఉంది. మామ మా వైపు చూడకుండా, "సాక్షి" అన్నాడు. సంతకం చేశాడు. అక్షరాలు ఎప్పటిలాగే ముత్యాల్లా ఉన్నాయి.

అమ్మ ఆయన గడప మళ్ళీ తొక్కలేదు. మడి లేకపోయినా ఎలాగో బతికాం. ఆమెను తినేసింది మడి కాదు, ఆ ఒక్క మాట.

నేను మాత్రం అప్పుడప్పుడు వెళ్ళేదాన్ని. కోపంతోనే వెళ్ళేదాన్ని, ఏదో ఒకటి నేర్చుకుని వచ్చేదాన్ని. నా చదువుకు దారి చూపింది ఆయనే, కాదనను. కిందటేడు వెళ్ళినప్పుడు ఉండబట్టలేక అడిగాను. బైబిలు పాత నిబంధనలో విధవలైన అత్తాకోడళ్ళ కథ ఉంది. వాళ్ళ పొలం విడిపించాల్సిన దగ్గరి చుట్టం, విడిపిస్తే తన ఆస్తి చెడుతుందని పెద్దల ముందే తప్పుకుంటాడు.

"మామా, ఆ తప్పుకున్నాయన పేరేమి?"

మామ హెబ్రూ పుస్తకం తీసి ఆ చోటు వెతికాడు. వెతకాల్సిన పనిలేదు, ఆయనకు కంఠతా వచ్చు.

"పేరు లేదు పాపా. పెలోని అని ఉండాది. అరబ్బీలో ఫులాన్ అంటారు, దాని చుట్టమే. ఆ అరబ్బీ మాటే మన దగ్గరికొచ్చి ఫలానా అయింది."

"రాసినాయనకు పేరు తెలీకనా?"

"తెలీక ఏంటికి? రాయబుద్ధి కాలేదు."

ఆ వరుస మీద వేలు పెట్టాడు. తర్వాత మెల్లగా అడిగాడు. "మీ అమ్మ ఇప్పుడు నన్ను ఏమంటాది పాపా?"

అబద్ధం చెప్పి ఉండొచ్చు. నోరు రాలేదు.

"చిక్కబళ్ళాపురం ఆయన అంటాది మామా."

మామ తలాడించాడు. పుస్తకం మూశాడు. వేలు మాత్రం ఆ పేజీలోనే ఉండిపోయింది.