ఆమోసు ఒక్క మస్టర్ వీసా

ఆమోసు నోటి వెంట "నాకు తెల్వదు" అనే మాట విన్నవాళ్లు గోదావరిఖనిలో లేరు. ముప్పై ఏళ్లకు పైగా బొగ్గుబాయిలో పనిచేసి రిటైరయ్యాడు. నేను అదే బాయి ఆఫీసులో గుమాస్తాగా చేసినవాణ్ని, పైగా పక్కింటివాణ్ని. ఆయన గొప్పలు వినడం అప్పట్లో నా ఉద్యోగంలో భాగం, ఇప్పుడు పింఛనులో భాగం.

ఓ రోజు ఫోనులో ఆయనకొక వీడియో తగిలింది. భూమికి నడినెత్తిన, మంచులో, స్వాల్‌బార్డ్ అని కొన్ని దీవులున్నాయట. అక్కడ ఊరు వెలిసిందే బొగ్గు కోసమట. మూతపడ్డ పాత గనిలోకి చూడవచ్చినవాళ్లను టోపీ, లైటు పెట్టి తీసుకెళ్తారట. అన్నిటికన్నా ఆయనకు నచ్చిన ముక్క, ఆ దీవుల్లో కాలు పెట్టడానికి ఏ దేశంవాడికీ వీసా అక్కర్లేదట.

ఆ ముక్క పట్టుకుని చాయ్ హోటల్‌లో నా దగ్గరికి వచ్చాడు.

"చూసినవా సదయ్యా! దుబాయ్ పోవాల్నంటే వీసా కావాలె. బొగ్గున్న ఊరికి పోవాల్నంటే ఏం వద్దు. బాయి పనోని ఇజ్జత్ అంటే గది! నేను పోతున్న. సత్యను గూడ తీస్కపోతున్న."

సత్యవతక్క ఆయన భార్య. బడిలో పంతులమ్మగా చేసింది. ఆయన డ్యూటీ దిగి వచ్చేసరికి బకెట్లో వేడినీళ్లు సిద్ధంగా పెట్టేది. "లోపల ఎట్ల ఉంటది?" అని పెళ్లయిన కొత్తలో అడిగింది, పిల్లలు పుట్టాక అడిగింది, జుట్టు నెరిసాక కూడా అడిగింది. ఆయన జవాబు ఎప్పుడూ ఒకటే. "ఏముంటది, చీకటి. అన్నం ఉన్నదా?"

ఆదివారం చర్చిలో ఆమోసు లేచి సాక్ష్యం చెప్పాడు, దేవుడు తనను భూమి కొసకు పంపుతున్నాడని. పాస్టరుగారు ప్రార్థన చేశారు. పాత దోస్తులు మటన్ దావత్ తిని, మెడలో దండ వేసి శాలువా కప్పారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, అప్పటికి టికెట్టు కూడా కొనలేదు.

టికెట్ల కోసం నన్ను వెంటేసుకుని చాంద్ పాషా దుకాణానికి వెళ్తే అసలు సంగతి బయటపడింది.

"అన్నా, దీవికి వీసా వద్దు, నిజమే. కానీ మనం పోయే తొవ్వ నార్వే మీదికెల్లి. నార్వేకు యూరప్ దేశాలు కలిసి ఇచ్చే షెంజెన్ వీసా కావాలె" అన్నాడు పాషా.

ఇంటికి తలుపే లేదని మురిసిపోతుంటే గల్లీ మొదట్లో గేటు కనబడ్డట్టయింది ఆమోసుకు. అయినా తగ్గలేదు. ఇన్సూరెన్సు, హోటలు బుకింగు, రానూపోనూ టికెట్లు, బ్యాంకు కాగితాలు, అన్నీ పాషా చెప్పినట్టే పోగుచేశాడు. అప్లికేషన్ నింపేటప్పుడే పేచీ వచ్చింది.

"రెండు ఎంట్రీలు రాస్తున్న అన్నా. నార్వేల దిగుతరు, అది ఒకటి. దీవి షెంజెన్ బయట ఉంటది. ఆడికెల్లి మళ్ల నార్వేకు వస్తరు, అది రెండోది."

"నాకు జెప్తవా?" అన్నాడు ఆమోసు. "బాయి దిగినప్పుడు హాజరుకు ఒక మస్టర్ పడ్తది. మీదికి ఎక్కితే ఇంకో మస్టర్ ఇచ్చినోడు ఉన్నడా? పోవుడు వచ్చుడు కలిసి ఒకటే డ్యూటీ. రెండు అడిగితే దొంగమస్టర్ అనుకుంటరు. ఒకటే రాయ్!"

పాషా నా వైపు చూశాడు. నేను చాయ్ గ్లాసు వైపు చూశాను.

మర్నాడు ఫోటో ఇవ్వడానికి వచ్చిన సత్యవతక్కను పాషా అడిగాడు. "అక్కా, మీకెన్ని ఎంట్రీలు?"

"ఆయన ఎన్ని రాయించిండు?"

"ఒకటి. ఎంత చెప్పినా ఇనలే."

ఆమె నవ్వింది. "నాకు రెండు రాయి తమ్మీ. బాయి దిగేటోనికి పోవుడే లెక్క. ఇంట్ల ఉన్నదానికి వచ్చుడే లెక్క. ఆయనకు నేను జెప్తె మాత్రం ఇంటడా?"

ఎవరు అడిగింది వాళ్లకు వచ్చింది. పాస్‌పోర్టులు తెరిచి చూసి పాషా తల గోక్కున్నాడు. సత్యవతక్క దీవికి పోయి రావచ్చు. ఆమోసు పోవచ్చు, తిరిగి నార్వేలోకి రానివ్వరు. మళ్లీ అప్లై చేసేంత వ్యవధి లేదు. పోవడం మానుకుందామంటే చాయ్ హోటల్లో శాలువా కప్పిన దోస్తు మొగిలి కాచుకుని ఉన్నాడు.

"పోకుంటే శాలువా వాపస్ పెట్టాలె బావా! మటన్ అయితే ఎట్లన్న వాపస్ రాదాయె."

ఇద్దరూ బయల్దేరారు. నార్వే కొసనున్న ట్రోమ్సో దాకా కలిసే వెళ్లారు. అక్కడి విమానాశ్రయంలో ఆమోసు భార్య సంచిని పాస్‌పోర్టు కిటికీ దాకా మోసి ఆగిపోయాడు. ఆమె గని చూపించే టూరువాళ్ల వెంట లోపలికి నడిచింది.

రెండో రోజు ఆయన ఫోన్ చేశాడు. ఎత్తిపొడవడానికి నేను మంచి మాట ఒకటి దాచిపెట్టుకుని ఉన్నాను.

"ఇంక రాలే సదయ్యా. పొద్దున్నే బాయి చూసొస్త అన్నది. మబ్బు పట్టి విమానం ఆపిన్రట. ఫోను కలుస్తలేదు. ఈడ పొద్దు గూకదు. మొదటి షిఫ్టో రాత్రి షిఫ్టో ఎరుకైతలేదు. మన బాయిల ప్రమాదం సైరన్ మోగినప్పుడు సత్య గేటు కాడ గిట్లనే నిలబడుతుండెనా?"

నా ఆఫీసు కిటికీలోంచి గేటు కనబడేది. బిడ్డను చంకనేసుకుని, ఎక్కి వచ్చే ప్రతి మొహాన్నీ చూస్తూ ఆమె నిలబడటం నేను చాలాసార్లు చూశాను.

"గిట్లనే నిలబడుతుండె" అన్నాను. దాచుకున్న ఎత్తిపొడుపు నోట్లోంచి రాలేదు. ఆయన మీద నిజంగా జాలేసింది.

తర్వాతి సంగతి ఆయనే చాయ్ హోటల్లో అందరి ముందూ చెప్పాడు. విమానం దిగి వచ్చేసరికి ఆమె చెంప మీద బొగ్గుమరక ఉందట. హోటల్ గదిలో బకెట్టు లేకపోతే ఆయన స్నానాల తొట్టి నిండా వేడినీళ్లు పట్టి ఉంచాడట. ఆమె బూట్లు విప్పుకుంటుంటే పక్కన కూర్చుని, పట్టలేక అడిగాడట.

"లోపల ఎట్ల ఉన్నది సత్యా?"

ఆమె బూటు పక్కన పెట్టి, తాపీగా మొగుడి వైపు చూసింది.

"ఏముంటది, చీకటి. అన్నం ఉన్నదా?"