భోంచేసి కొన్న లాప్‌టాప్

ఒక గుత్తివంకాయ కూర వల్ల నా పరువు, నా కాపురం, నా భార్య చదువు మూడూ ఒకేసారి ప్రమాదంలో పడ్డాయంటే మీరు నమ్మరు. ఇంకొకరు చెబితే నేనూ నమ్మేవాణ్ణి కాదు. కానీ ఆ కూర తిన్నదీ నేనే, ప్రమాదం తెచ్చిందీ నేనే కాబట్టి నమ్మక తప్పడం లేదు. కాస్త ఓపిక పట్టి వినండి. మధ్యలో నవ్వొస్తే నవ్వేయండి, మా ఇంట్లో వాళ్లు ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు.

రెండువేల ఎనిమిదో, తొమ్మిదో. మాకు కొత్తగా పెళ్లయి రామచంద్రపురంలో కాపురం పెట్టాం. నేను ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఎకనామిక్స్ చెప్పేవాణ్ణి. వినియోగదారుడనేవాడు ఎంత తెలివైనవాడో, వస్తువు కొనేముందు దాని ప్రయోజనాన్ని ఎలా తూచి తూచి చూస్తాడో బోర్డు మీద గీతలు గీసి మరీ వివరించేవాణ్ణి. పిల్లలు పాపం నోట్సు రాసుకునేవారు.

మా ఆవిడ పద్మజ అప్పుడు ఎం.ఎడ్. చదువుతోంది. చివర్లో ఒక పరిశోధన వ్యాసం రాసి ఇస్తే డిగ్రీ చేతికొస్తుంది. పల్లెటూళ్లలో ఆడపిల్లల చదువు మధ్యలో ఎందుకు ఆగిపోతోందన్నది ఆమె ఎంచుకున్న విషయం. చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగి, తల్లులతో, టీచర్లతో మాట్లాడి అంతా చేత్తో రాసి పెట్టుకుంది. ఇక టైపు చేయడమే తరువాయి. ఇంతలో ఆమెకి ఆరో నెల వచ్చింది. దాంతోపాటే డాక్టరమ్మ ఆజ్ఞ కూడా వచ్చింది. మంచం దిగి తిరగకూడదు, కుర్చీలో ఎక్కువసేపు కూర్చోకూడదు, బరువులు ఎత్తకూడదు.

"ఒక లాప్‌టాప్ తెండి," అంది పద్మజ. "దిండుకి జారబడి రోజూ కొంచెం కొంచెం కొట్టుకుంటాను. తేలిగ్గా ఉండాలండి. వేడెక్కకూడదు. విసుగొచ్చినప్పుడు కాసేపు ముక్కలాట ఆడుకోడానికుంటే చాలు. ఇంకేం వద్దు."

"డీటీపీ సెంటర్లో ఇచ్చేస్తే పోదా?" అన్నాను.

"వాళ్లు కొట్టిన తప్పులు దిద్దడానికి ఎవరెళ్తారండి? బిడ్డ పుట్టేలోగా ఇది ఇచ్చెయ్యాలి. పుట్టాక నాకు తీరికెక్కడ? ఇప్పుడు ఆగిందంటే ఇంక ఆగిపోయినట్టేనండి."

ఈ మాటలు నేను శుభ్రంగా విన్నాను. విన్నానని ఇక్కడే రాసి పెట్టడమెందుకంటే, తరవాత జరిగింది చదివితే మీకు అనుమానం వస్తుంది.

ఇప్పుడు నా గుట్టు కొంత చెప్పాలి. సాయంత్రం పిల్లలు వెళ్లిపోయాక మా కాలేజీ కంప్యూటర్ ల్యాబులో కూర్చుని కార్ల రేసు ఆడడం నాకు అలవాటు. ఆ కంప్యూటర్లు ముసలివి. మలుపు తిరిగినప్పుడల్లా కారు గాల్లో ఆగిపోయి, నేను మంచినీళ్లు తాగి వచ్చాక మళ్లీ కదిలేది. లాప్‌టాప్ అన్న మాట వినగానే పద్మజ కళ్ల ముందు ఆమె వ్యాసం కనబడి ఉంటుంది. నా కళ్ల ముందు మాత్రం ఆగకుండా మలుపు తిరుగుతున్న ఎర్ర కారు కనబడింది.

పద్మజని కనిపెట్టుకుని ఉండమని పక్కవాటా మామ్మగారికి చెప్పి, ఒక శనివారం పొద్దున్నే కాకినాడ బస్సెక్కాను. మెయిన్ రోడ్డుకి దగ్గర్లో ఒక షాపు ఉందని, రకాలు ఎక్కువ ఉంటాయని మా కాలేజీలో ఎవరో చెప్పారు. కింద షాపు, పైన ఇల్లు. యజమాని సత్తిబాబు గారు తెల్ల చొక్కాలో, నుదుట బొట్టుతో ఎదురొచ్చారు. లాప్‌టాప్ సంగతి ఎత్తకముందే అసలు ప్రశ్నలు మొదలెట్టారు.

"ఎక్కణ్ణుంచండి రావడం?"

"రామచంద్రపురమండి."

"సొంతూరు అదేనాండి?"

"కాదండి, మాది ద్రాక్షారామ అవతలండి. అమ్మ పుట్టిల్లు మండపేట దగ్గర."

"మండపేట దగ్గరంటే ఎవరమ్మాయండి మీ అమ్మగారు?"

తాతగారి పేరు చెప్పాను. సత్తిబాబు గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "ఇంకేం మరి. ఆయన మా నాన్నగారికి వరసకి అన్నగారండి. అంటే మీ అమ్మగారు నాకు అక్క. మీరు నాకు మేనల్లుడండి. ఇందాకట్నుంచీ పరాయివాళ్లలా నిలబెట్టి మాట్లాడుతున్నాను చూడండి," అని నన్ను తన కుర్చీలో కూర్చోబెట్టారు.

మా వైపు సంగతి తెలియనివారికి ఒక మాట. మా దగ్గర సరుకు చూపించేముందు చుట్టరికం చూస్తారు. చుట్టరికం కలిసిందా, ఇక బేరమాడడం మర్యాద కాదు, బాగోలేదనడం అసలే కాదు. ఇది ఎకనామిక్స్ పుస్తకాల్లో ఎక్కడా లేదు. రాసినవాళ్లెవరూ కాకినాడలో ఏమీ కొని ఉండరు.

సరే, ముందు ఒక తెల్లటి చిన్న లాప్‌టాప్ కనబడింది. ఒంటి చేత్తో ఎత్తి చూశాను. పలకలా లేచింది. పద్మజ చెప్పింది అచ్చం ఇదే. అక్కడితో ఊరుకోవాల్సింది. కానీ దాని పక్కన ఇంకోటి ఉంది. నల్లగా, పెద్దగా, మూత మీద ఎర్ర దీపంతో. తెర మీద కార్ల రేసు నడుస్తోంది.

"అది రాజాలాంటి సరుకు, అల్లుడు గారూ," అన్నారు సత్తిబాబు గారు నా చూపు పట్టేసి. "ఆటలకని దాంట్లో వేరే కార్డుంటుందండి. బొమ్మ ఎక్కడా ఆగదు. ఇంతకీ ఏం పనికండి మీకు?"

'మా ఆవిడ మంచం మీద పడుకుని టైపు చేసుకోడానికండి' అనాలి. ఆ ఒక్క ముక్క అంటే ఈ కథే లేదు.

"అన్నిటికీ అండి," అన్నాను. "ఇంట్లో రోజువారీ పనులకీ, అప్పుడప్పుడూ ఏవో చిన్నా చితకా ఆటలకీ."

"అయితే ఇదేనండి. కాసేపు ఆడి చూడండి."

ఆడి చూశాను. కాఫీ తాగుతూ ఒకసారి, కాఫీ అయ్యాక ఇంకోసారి. అయినా నా పక్షాన కూడా ఒక మాట చెప్పుకోవాలి. కొంతసేపటికి పద్మజ గుర్తొచ్చింది. మనసు కూడదీసుకుని, "మామయ్యగారూ, ఆ తెల్లది..." అన్నాను. సరిగ్గా అప్పుడే పైనుంచి భోజనానికి పిలుపొచ్చింది.

"వద్దండి, ఇంట్లో తినే బయల్దేరానండి."

"పొద్దున తిన్నది ఇప్పటిదాకా ఉంటుందాండి? అక్కగారబ్బాయి తినకుండా వెళ్లాడంటే మీ అత్తయ్య నన్ను ఊరుకోదు. లేవండి."

లేచాను. పైన అత్తయ్యగారు అరిటాకు వేసి ఉంచారు. పప్పు, రొయ్యల వేపుడు, చేపల పులుసు, వీటన్నిటి మధ్యా పీటల మీది పెళ్లికొడుకులా ఆ గుత్తివంకాయ. చాలండి అన్నప్పుడల్లా ఇంకో కాయ ఆకులో పడేది. నేను చాలనడం మానేశాను, కాయలు మాత్రం మానలేదు. గడ్డ పెరుగు దగ్గర ఇంటి సంగతులు అడిగి, పద్మజకి ఆరో నెలని తెలుసుకున్నారు అత్తయ్యగారు.

"ముందే చెప్పొద్దాండి?" అని లోపలికెళ్లి ఒక రవికెల గుడ్డ, పసుపు కుంకుమ, గాజులు, ఒక పొట్లం మడత కాజాలు తెచ్చి నా చేతిలో పెట్టారు. "అమ్మాయికివ్వండి. నేనిచ్చానని చెప్పండి."

కిందికి దిగేసరికి నల్లది పెట్టెలో సర్దేసి ఉంది. "మీరు కడుపునిండా తినేలోగా సర్దించేశానండి," అన్నారు సత్తిబాబు గారు ప్రేమగా. నా ఎడమ చేతిలో వాళ్ల కాజాలున్నాయి. నోట్లో వాళ్ల వంకాయ రుచి ఇంకా ఉంది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టకూడదంటారు పెద్దలు. నేను ఇంకా గొప్పవాణ్ణి, తిన్నింటి లాప్‌టాప్ బరువు కూడా చూడలేదు. మొహమాటానికి పోతే ఏమవుతుందో మనకో సామెత ఉంది కదా. ఇంట్లో గర్భిణీ స్త్రీ ఉన్న ఈ కథలో దాన్ని పూర్తిగా చెప్పడం బాగుండదు గాని, మీకు తెలుసు.

తిరుగు బస్సులో దాన్ని ఒళ్లో పెట్టుకున్నాను. సగం దారిలోనే మోకాళ్లు తిమ్మిరెక్కాయి. అప్పుడైనా నాకు అర్థం కావాలి. అర్థమైంది కూడా. కానీ బస్సు వెనక్కి తిరగదు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను.

పద్మజ దిండుకి జారబడి ఎదురుచూస్తోంది. మంచం మీద ఒక పక్కన కాగితాలన్నీ వరసగా పేర్చి పెట్టుకుంది. ముందు కాజాలు ఇచ్చాను. తరవాత రవికెల గుడ్డ ఇచ్చాను. ఇంక ఇవ్వడానికేమీ మిగలక పెట్టె విప్పాను.

"ఇదేంటండి, ఇంతుంది?"

"తెర పెద్దది. కళ్లకి మంచిది."

"ఒళ్లో పెట్టండి."

పెట్టాను. పొట్టకీ మోకాళ్లకీ మధ్య అది పట్టలేదు. జరపబోయి జరపలేకపోయింది. కాసేపటికి లోపల ఫ్యాను బుసబుసలాడడం మొదలెట్టింది.

"కాలుతోందండి. తీసెయ్యండి," అంది. తీసేశాను. "తేలిగ్గా ఉండాలన్నాను కదండి. వాళ్ల దగ్గర లేవా?"

"ఉంది. తెల్లది."

"మరి?"

"భోజనం పెట్టారే," అన్నాను. ఇప్పుడు రాస్తుంటే ఎలా ఉందో, అన్నప్పుడు కూడా అలాగే ఉంది.

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. కాగితాలు ఒక్కొక్కటే తీసి, దొంతి పెట్టి, దిండు కిందికి తోసి గోడవైపు తిరిగి పడుకుంది. ఆ కాగితాల కోసం ఎండల్లో ఎన్ని ఊళ్లు తిరిగిందో నాకు తెలుసు. తన చదువు ఆగిపోతుందేమోనని ఆమె భయపడుతుంటే, నేను కారు ఆగకుండా వెళ్లేది చూసి తెచ్చాను. నాకు నిజంగా సిగ్గేసింది. మొహమాటం మంచితనంలో భాగమని అప్పటిదాకా అనుకునేవాణ్ణి. పరాయివాళ్ల ముందు మంచివాడిననిపించుకోడానికి ఇంట్లో మనిషి అడిగింది పణంగా పెట్టడం ఏపాటి మంచితనమో ఆ సాయంత్రం తెలిసింది.

"రేపు వెళ్లి మార్చమని అడుగుతాను," అన్నాను.

"మీరు అడగలేరు," అంది గోడవైపు తిరిగే. తరవాత ఇటు తిరిగింది. "బిల్లు మీద ఫోన్ నంబరుంటుంది, ఇలా ఇవ్వండి."

నేను చూస్తుండగానే ఫోన్ కలిపింది. "బాబాయిగారాండి? నమస్కారమండి. నేను రామచంద్రపురం నుంచి పద్మజనండి, మీ మేనల్లుడి భార్యని. పిన్నిగారు పంపిన కాజాలు చాలా బాగున్నాయండి. రేపు ఆదివారం కదండి, మీరిద్దరూ మా ఇంటికి భోజనానికి రావాలండి. కాదనకూడదండి."

లాప్‌టాప్ ఊసే ఎత్తలేదు. ఎందుకన్నాను. "రేపటి వంట మీరే చెయ్యాలి," అంది.

ఆ ఆదివారం నేను వండిన వంట గురించి విడిగా ఒక విషాద గాథ రాయవచ్చు. ఆమె మంచం మీద, నేను వంటింట్లో. "పోపు చిటపటలాడిందాండి?" "ఆడింది." "అయితే మాడకముందే పనసపొట్టు వెయ్యండి." "మాడింది." గారెలకి చిల్లులు పెట్టమంది. పెట్టినవి మూసుకుపోయాయి, పెట్టనివి విచ్చుకున్నాయి. ఎలాగైతేనేం, గారెలు, కోడికూర, పనసపొట్టు కూర, మామిడికాయ పప్పు తయారయ్యాయి. మామ్మగారు దయతలచి పెరుగు తోడుపెట్టి ఇచ్చారు.

వాళ్లిద్దరూ వచ్చారు, కడుపునిండా తిన్నారు. సత్తిబాబు గారు చెయ్యి కడుక్కుని తువ్వాలు అందుకునేదాకా పద్మజ ఊరుకుంది.

"బాబాయిగారూ, ఒక్క మాటండి."

"చెప్పమ్మా."

"ఆ లాప్‌టాప్ నేను ఎత్తలేకపోతున్నానండి. మంచం మీద పడుకుని నా వ్యాసం కొట్టుకోవాలి. బిడ్డ పుట్టేలోగా ఇచ్చెయ్యాలి. నాకు మీ తెల్లది కావాలండి."

ఆయన తువ్వాలుతో చెయ్యి తుడుచుకుంటూనే ఉన్నారు. ఆ చెయ్యి ఎప్పుడో ఆరిపోయింది. అత్తయ్యగారు తమలపాకు చుట్టడం ఆపారు. "ఏం పనికో కనుక్కోలేదాండి మీరు?"

"కనుక్కోకేం? అన్నిటికీ అన్నారు అల్లుడు గారు."

ముగ్గురూ నా వంక చూశారు. నేను గారెల పళ్లెం వంక చూశాను.

"ఈ మాట ఫోన్లోనే చెప్పాల్సిందమ్మా," అన్నారు సత్తిబాబు గారు.

"ఫోన్లో అయితే షాపువారితో చెప్పినట్టుంటుందండి. ఇంట్లో అయితే బాబాయిగారితో చెప్పుకున్నట్టుంటుంది."

ఆయన పెద్దగా నవ్వేశారు. "కడుపునిండా పెట్టి అడిగావు. కాదంటే అరగదు నాకు. రేపు తెల్లది పంపిస్తానమ్మా," అన్నారు. వెళ్తూ వెళ్తూ నల్లదాన్ని ఆటోలో తనే పెట్టుకున్నారు. ఎర్ర దీపం వీధి మలుపు తిరిగేదాకా చూడాలనిపించింది గాని, పద్మజ కిటికీలోంచి నన్నే చూస్తోంది.

మర్నాడు సాయంత్రం తెల్లది వచ్చింది. ఆమె ఒళ్లో పిల్లిపిల్లలా ఒదిగింది. గండం గట్టెక్కిందని నేను చొక్కా వేసుకుని కాలేజీ ల్యాబు వైపు బయల్దేరబోయాను.

"ఏవండీ, నిన్న మీరూ భోంచేశారు కదా?" అంది పద్మజ.

"ఆఖర్న మిగిలింది తిన్నాను."

"ఎవరింట్లో?"

"మనింట్లోనే," అన్నాను, ఏదో జరగబోతోందని తెలిసి.

"అయితే మీరూ కాదనకూడదు. ఎక్కువసేపు కొడితే నాకు నడుం లాగేస్తుంది. నేను చదువుతాను, మీరు కొట్టండి."

కాదనలేకపోయాను. రోజూ కాలేజీ నుంచి రాగానే మంచం పక్కన స్టూలు వేసుకుని, రెండు వేళ్లతో కొట్టేవాణ్ణి. ఒకనాడు ఆడపిల్లల చదువు ఆగిపోవడానికి కారణాలన్న అధ్యాయం వచ్చింది. బడి దూరం కావడం, ఇంటి చాకిరీ, తొందరగా పెళ్లి. తరవాతది చదవబోయి ఆగి నన్ను చూసింది. "ఇంట్లోని మగవాళ్లకి ఆమె చదువు ముఖ్యమనిపించకపోవడం," అంది మెల్లగా. "కొట్టండి."

ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టాను. నా జన్మలో అంత నెమ్మదిగా ఏదీ టైపు చేయలేదు. ఆ వ్యాసం గడువుకి ముందే వెళ్లింది, ఆ తరవాతే మా అమ్మాయి పుట్టింది.

కనుక పాఠక మహాశయులారా, మీ అందరి సాక్షిగా, తూర్పు ముఖంగా నిలబడి ప్రమాణం చేస్తున్నాను. ఇకపై సూదైనా సరే, లాప్‌టాప్ అయినా సరే, కొనడానికి వెళ్లేముందు ఇంట్లో పీకలదాకా తిని వెళ్తాను. షాపువాడు చుట్టమని తేలితే మంచినీళ్లు కూడా ముట్టను. ఏం పనికని అడిగితే, ఎవరికోసమో వాళ్ల పేరు ముందు చెబుతాను. ఇంట్లో పద్మజ పెట్టే భోజనానికి మాత్రం ఈ ప్రమాణం వర్తించదు. అది తిన్నాక ఇప్పటికీ కాదనలేకపోతున్నాను.