వాగొడ్డున తెచ్చుకున్న పొయ్యిరాళ్ళు

ఎవరికైనా దయ్యం పట్టిందంటే, "కడుపునిండ తిని పండుకొమ్మను, అదే పోతది" అనే రకం నేను. ఇప్పటికీ అంతే. దీన్ని కూడా దయ్యం కథ అనడం లేదు. జరిగింది జరిగినట్టు చెబుతాను.

నిజాం కాలం నాటి మాట. గద్వాలలో మాది నేతపని. పెళ్ళయిన రెండో ఏడు వానలకు మా మట్టి ఇల్లు కూలింది, మగ్గం గుంట నీళ్ళతో నిండింది. మా ఆయన ఒక గూడుబండి సంపాదించి, చుట్టాలు నేసిన చీరలు వేసుకొని ఊరూరా అమ్ముదామన్నాడు. అలా వనపర్తి, నాగర్‌కర్నూలు, కల్వకుర్తి తిరుగుతూ బండిలోనే కాపురం పెట్టాం.

కాపురమా అది! కాళ్ళు చాపితే చీరల మూట, తలెత్తితే గూడు. వాన పడితే మేం తడిసినా సరే, మూటలు తడవకూడదు. కట్టేసిన ఎద్దు ఒళ్ళు రుద్దుకుంటే బండంతా ఊగి మెలకువ వచ్చేది. ఆయనేమో నవ్వుతూ, "ఇంట్లకు రా" అని బండెక్కమనేవాడు. నాకు ఒళ్ళు మండేది. "ఇది ఇల్లు గాదు, బండి" అని రోజూ అనేదాన్ని.

అన్నిటికన్నా విసుగు పొయ్యి. దిగిన ప్రతిచోటా రాళ్ళు వెతుక్కోవాలి. వనపర్తి దాటాక ఒక వాగొడ్డున పొయ్యిలా పేర్చిన రాళ్ళు మూడు కనబడ్డాయి. పొగచూరి ఉన్నా, ఎత్తు సరిగ్గా కుదిరాయి. ఆయన ఎడ్లకు నీళ్ళు తాపుతుంటే బండిలో వేసుకున్నాను. ఇల్లు లేకపోయినా పొయ్యన్నా నాదైందని సంబరపడ్డాను.

ఆ రోజునుంచి, జొన్నసంకటి ఇద్దరికి కొలిచి వండినా ఒక ముద్ద మిగిలేది. పిండి తగ్గించాను. అయినా మిగిలింది. దాన్ని కుక్క వాసన చూసి వెనక్కి పోయేది. కాకులు దూరంగా వాలి చూసేవే గాని ముట్టేవి కావు.

వారం తిరక్కుండా ఆయనకు జ్వరం తగిలింది. నాగర్‌కర్నూలు దగ్గర బండి విప్పేసరికి నన్ను గుర్తుపట్టడం లేదు. ఊళ్ళో వైద్యుడి కషాయం రెండు రోజులు పోసినా తగ్గలేదు. పక్కన బండి విప్పిన ఒక ముసలాయన మా పొయ్యి వంక అదోలా చూశాడు.

"ఈ రాళ్ళు యాడివి బిడ్డా?"

"వాగొడ్డున దొరికినయ్ తాతా."

"అయ్యో! పిండం వండిన రాళ్ళు గావొచ్చు. గవి ఎవ్వలన్న తెచ్చుకుంటరా?"

ఆడవాళ్ళం కర్మలకు వాగు దగ్గరికి పోము. నాకెలా తెలుస్తుంది? పిండాన్ని కాకి ముట్టకపోతే పోయినవాళ్ళకు ఏదో కోరిక మిగిలినట్టనీ, అది తీరుస్తామని మాటిస్తేనే ముడుతుందనీ మాత్రం విన్నాను. రాళ్ళు తిరిగి పెట్టి రావాలంటే ఆ వాగు రెండు రోజుల దారి. నాకు బండి తోలరాదు.

మిట్టమధ్యాహ్నం ఆ ముద్దను తుమ్మచెట్టు కింద పెట్టి నిలబడ్డాను. పోయినవాళ్ళు ఎవరో గాని, నీ బిడ్డలుంటే చీరలు పెడతామన్నాను. నీ పేరున దీపం పెడతానన్నాను. కొమ్మ మీది కాకి కదల్లేదు. బండిలో ఆయన మూలుగు కూడా ఆగిపోయింది. నాకు ఏడుపూ కోపమూ కలిసి తన్నుకొచ్చాయి.

"నాకే దిక్కు లేదు, నీకేమియ్యాలె? గీ బండే మా ఇల్లు. ఉంటే నువ్వు గూడ ఉండు. నా మొగన్ని మాత్రం తీస్కపోకు!" అని అరిచాను.

కాకి దిగి ముద్దను ముట్టింది.

సాయంత్రానికి ఆయనకు చెమట పట్టి జ్వరం దిగింది. కషాయం పనిచేసిందనే ఆయన చివరిదాకా అన్నాడు. కావచ్చు. ఆ తర్వాత మూడేళ్ళు ఆ బండిలోనే ఉన్నాం. రోజూ ముద్ద మిగిలేది, రోజూ కాకి తినేది. నేను మళ్ళీ దాన్ని బండి అనలేదు.

తర్వాత అయిజలో ఇల్లు కట్టుకున్నాం. ఆ రాళ్ళను పారేయడానికి చెయ్యి రాలేదు, అక్కడా వాటినే పొయ్యిగా పెట్టుకున్నాను. ఉండమన్నది నేనే కదా.

పోయినేడు ఆయన పోయాడు. ఆయన పిండాన్ని పెట్టీపెట్టగానే కాకి ముట్టిందని నా కొడుకు చెప్పాడు. అంటే ఏ కోరికా మిగల్లేదు. ఇప్పుడు నా ఒక్కదానికే కొలిచి వండుకుంటాను. ఇప్పటికీ ఒక ముద్ద మిగులుతుంది. ఆ రాళ్ళ మీద పిండం వండింది ఎవరికో నాకు నేటికీ తెలియదు. పెరట్లో పెట్టి, "ఇంట్లకు రా" అని పిలుస్తాను.