మంచమున్న వ్యాను

కోయంబత్తూరులో మా ఇళ్లల్లో తెలుగు పొయ్యి దగ్గర మాట్లాడుకొనే భాష. బడిలో తమిళం, మిల్లులో తమిళం. అంగట్లో మాత్రం తెలుగుకు ఇంకో పని ఉండేది. అమ్మేవాడి ఎదుటే నిలబడి అతని సరుకునూ అతని ముఖాన్నీ తిట్టుకోవడానికి అది భలే పనికొచ్చేది. చీర కొన్నా, ఆవును కొన్నా మాకదే పద్ధతి. బేరం తమిళంలో, తిట్లు తెలుగులో. ఆ పద్ధతిని నేనెంత శ్రద్ధగా పాటించేదాన్నో చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గే.

మా అత్త పెరట్లో జారిపడి నడుము దెబ్బ తిన్నాక అయిదు నిమిషాలకు మించి కూర్చోలేకపోయేది. ఆమె అక్క పెరియకుళంలో, మామిడితోటల పక్కన ఉండేది. ఆవిడకు చూపు తగ్గిపోతోందని కార్డు వచ్చింది. పూర్తిగా పోకముందే తన ముఖం అక్కకు చూపించాలని మా అత్త పట్టు పట్టింది. బస్సులో అంత దూరం కూర్చోవడం ఆమె వల్ల కాదు. అప్పుడే మా ఆయన ఒక కబురు తెచ్చాడు. కొండమీద తేయాకు తోట దొర షికార్లకు వాడుకొన్న వ్యాను అవినాశి రోడ్డులో అమ్మకానికి ఉందట. లోపల మంచం, చిన్న పొయ్యి, నీళ్ల తొట్టి, కిటికీలకు తెరలు కూడా ఉన్నాయట.

మంచం సరిపోతుందో లేదో చూద్దామని అత్తను జట్కాలో పడుకోబెట్టి తీసుకెళ్లాం. మా ఆయన మిల్లులో ఫిట్టరు. యంత్రం తేడాగా మోగితే గోడ అవతల నుంచే పసిగడతాడు. మనిషి నవ్వుతూ అబద్ధం చెబితే మాత్రం తల ఊపుతాడు. అందుకే నేనూ బయల్దేరాను.

అత్తను వ్యానులోని మంచం మీదికి చేర్చాక, బండి అమ్మిపెట్టే బ్రోకరు ముందుగా గోలీ సోడాలు తెప్పించాడు. అతని సోడా తాగాక గట్టిగా బేరమాడాలంటే మొహమాటం. తర్వాత తమిళంలో మొదలుపెట్టాడు. దొర ఈ బండిని ఆదివారాల్లో తప్ప బయటికి తీయలేదట. నాలుగు గంటలకు ఒక డాక్టరు అడ్వాన్సు పట్టుకొని వస్తున్నాడట. మమ్మల్ని చూశాక ఆ డాక్టరుకు ఇవ్వబుద్ధి కావడం లేదట. బండి ముందు కట్ట ఊదుబత్తులు వెలుగుతున్నాయి, అయినా మాడిన ఆయిలు వాసన తెలుస్తూనే ఉంది. బానెట్ మీద చెయ్యి పెట్టాను. ఇడ్లీ పాత్ర మూతలా చురుక్కుమంది.

"మనం వచ్చేముందే స్టార్ట్ చేసి పెట్టుండాడు," అన్నాను తెలుగులో, మా ఆయనతో. "చల్లగా ఉంటే ఇది కదలదు."

పొద్దున్నే ఇంకో పార్టీని ట్రయల్ తిప్పి తెచ్చానని బ్రోకరు వెంటనే తమిళంలో అన్నాడు. అప్పుడే నాకు అనుమానం రావలసింది.

"ఆ తెర వెనకాల అంతా తుప్పు," అన్నాను. తలుపు రంగు దొరసాని ఏరికోరి వేయించిందని అతను మెచ్చుకొంటూ తుప్పు కనబడకుండా తెరను ఇంకాస్త లాగాడు.

"వీని మీసం చూడండి, బొద్దింకను అతికించుకొన్న మాదిరి ఉండాది. వీని మాట నమ్మితే నడిరోడ్డులో నిలుస్తాము."

అతను మీసం తడుముకొని, ఇంకో సోడా తాగుతారా అని అడిగాడు. మా ఆయన దొర పొయ్యి వెలిగించి చూసుకొంటూ, "దోవలో కాఫీ పెట్టుకోవచ్చే," అంటున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఇక పోదామని అత్తను లేపబోయాను.

అత్త ఆ మంచం మీద వెల్లకిలా పడుకొని ఉంది. లేవలేదు. తెలుగులోనే, బండిని వండి అనే మా ఇంటి తెలుగులోనే, అందరికీ వినబడేట్టు అంది.

"అమ్మణ్ణీ, నొప్పి లేకుండా పండుకొని ఎన్నాళ్లాయనో. కండ్లు పోకముందు అక్క నన్ను ఒకసారి చూడాల. ఈ వండి దోవలో నిల్చిపోతే పోనీ. పోయినంత దూరం పోతాను."

అమ్మేవాడి ముందు అనకూడని మాటంతా అనేసింది. వీడికి తెలుగు రాకపోవడం మా అదృష్టం అనుకొన్నాను.

బ్రోకరు ఊదుబత్తులు ఒక్కొక్కటే ఆర్పాడు. వచ్చి వ్యాను మెట్టు మీద కూర్చున్నాడు.

"పెద్దమ్మా, ఈ వండి ఇప్పుడు వద్దు," అన్నాడు. అచ్చం మా ఇంటి తెలుగు. "బ్రేకు పట్టదు. ఒక వారం టైం ఇయ్యండి. బ్రేకు మారుస్తాను, ఇంజను విప్పుతాను. మీ కొడుకే పక్కన నిల్చి చూడనీ."

నాకు వ్యాను కింద దూరాలనిపించింది. "మీకు తెలుగు వచ్చునా?" అని గొణిగాను.

"మాది అన్నూరు. ఇంట్లో ఇదే మాట," అని, నా వైపు చూడకుండా, "బొద్దింక అని మా అమ్మ కూడా అంటుంది," అన్నాడు.

వారం కాస్తా మూడు వారాలైంది. మా ఆయన మిల్లు నుంచి నేరుగా అక్కడికే పోయి ప్రతి బోల్టూ తన చేత్తో బిగించాడు. ఆ డాక్టరు ఏ రోజూ రాలేదు. పెరియకుళం దారిలో వ్యాను రెండుసార్లు దానంతటదే ఆగింది. ఆగమన్నప్పుడు కూడా ఆగింది. అత్త అక్క వాకిట్లోకి వచ్చి, చెల్లెలి ముఖాన్ని రెండు చేతుల్లోకి తీసుకొని, ముక్కుకు ముక్కు తగిలేంత దగ్గరగా చూసింది.

"ముసలిదానివైపోయినావే," అంది.

కళ్లింకా పనిచేస్తున్నాయి. నేను తెర చాటుకు పోయి ఏడ్చాను.

తిరుగు దారిలో అత్త మంచం మీంచి నన్ను పిలిచింది. "వాడు మనోడని నాకు ముందే తెలుసు. నువ్వు బొద్దింక అంటే మీసం తడుముకొన్నాడు."

నేను నోరు తెరిచాను. "అయితే ఆ నొప్పి, అక్క కండ్లు, అవన్నీ వాడు వినాలనే చెప్పినావా అత్తా?"

"వాడు వినాలనే చెప్పినాను," అంది అత్త, అటువైపు తిరుగుతూ. "ఒక్క మాట కూడా అబద్ధం చెప్పలేదు. చెప్పుంటే వాడు పట్టుకొనుండడా, వాని యాపారమే అది గదా."